బావ కారుకు పల్లి చట్నీ

వెల్లుల్లి పోపు వాసన వంటింట్లోంచి రావాలి. ఆ ఆదివారం పొద్దున అది వాకిట్లోంచి వస్తోంది. జ్యోతిరాణికి అక్కడే అనుమానం తగిలింది. చేతిలో చీపురు పడేసి బయటికొచ్చి చూస్తే, ఆమె మొగుడు శ్రీధర్ గొంతుక్కూచుని, ఆడబిడ్డ మొగుడి కొత్త కారుకు పల్లి చట్నీ పూస్తున్నాడు.

అవును, పల్లి చట్నీయే. ఇంటికొచ్చిన ఆడబిడ్డకూ ఆమె మొగుడికీ ఇడ్లీల్లోకని జ్యోతిరాణి పొద్దున్నే లేచి పల్లీలు దోరగా వేయించి, పొట్టు ఊది, రుబ్బి పెట్టుకున్న చట్నీ. ఎండుమిర్చి, ఆవాలు, వెల్లుల్లి, కరివేపాకు వేసి పోపు పెట్టిన చట్నీ. ఆ గిన్నెను నేల మీద పెట్టుకుని, మూడు వేళ్లతో ఎత్తి, ముందు చక్రం చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ మీద దట్టంగా రుద్దుతున్నాడు మహానుభావుడు. కరివేపాకు ఒకటి బంపరుకు అతుక్కుని వేలాడుతోంది. ఈగలకు అప్పుడే కబురందింది.

"థూ! ఏం జేస్తున్నవయ్యా?"

"గట్టిగ అరవకు. బావ లేస్తడు."

"లేవనీ. లేచి సూడనీ, కారుకు నాష్టా పెడ్తున్నవని."

"ఫోన్ల జూసిన జ్యోతీ," అన్నాడు శ్రీధర్. మొహం ఏడుపుకు ఒక మెట్టు ఇవతల ఉంది. "ప్లాస్టిక్ మీద పాలిష్ మరకలు పోవాల్నంటె పీనట్ బట్టర్ పెట్టాల్నట. పీనట్ అంటె పల్లీలే గద. గింత పొద్దుగాల బోధన్‌ల గది నాకెవడిస్తడు? ఎట్లయినా పల్లీలే అని..."

జ్యోతిరాణికి నవ్వు రాలేదు. రోత పుట్టింది. ఉప్పూ కారం నూనే కలిసిన ఆ ముద్ద గరుకు ప్లాస్టిక్ గుంటల్లోకి దిగిపోయి, పైన నూనె తేలి, ఎండ తగిలి అప్పుడే కమురు వాసన మొదలుపెట్టింది. కారు తలుపు కింది సందులోంచి చారలుగా కారుతోంది. ఆ కారడం చూసినవాడు వారం రోజులు చట్నీ ముట్టడు.

మామూలు కారయితే ఇంత గుండె దడ ఉండేది కాదు. ఆ కారు మహేందర్‌ది.

శ్రీధర్ అక్క సింధూజను నిజామాబాద్‌లో టైల్స్ దుకాణం నడిపే మహేందర్‌కు ఇచ్చారు. బోధన్‌లోని ఈ ఇంటికీ ఆ ఇంటికీ నడుమ ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. అయినా సింధూజ పుట్టింటి గడప తొక్కి ఐదేళ్లయింది. ఐదేళ్ల కింద ఒడి బియ్యానికి వచ్చినప్పుడు మహేందర్ భోజనం మధ్యలో వాకిట్లోకి వెళ్లాడు, లోపలికొచ్చి చెయ్యి కడుక్కున్నాడు, పెళ్లాన్ని లేపి కారెక్కించుకుని వెళ్లిపోయాడు. ఎందుకో చెప్పలేదు. అత్త హన్మవ్వ "ఇంకో ముద్ద తిను అల్లుడా, సిగ్గువడకు" అన్న మాట తప్పుగా తగిలిందేమోనని ఇంట్లో ఒకరన్నారు. శ్రీధర్ బావ ముందు కాలు మీద కాలు వేసుకున్నాడని ఇంకొకరన్నారు. ఆ తప్పేదో తెలియక ముగ్గురూ ఐదేళ్లు ఒకరినొకరు తిట్టుకున్నారు.

ఆడపిల్లను బేసి సంవత్సరంలో పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, కొత్త చీర ఒడిలో పోసి పంపడం ఈ వైపు ఎంత లేనింట్లోనైనా ఆగని పని. ఈ ఇంట్లో మూడో ఏడు ఆగింది. వాడకట్టులో ఆడవాళ్లు హన్మవ్వను "మీ పిల్లకు పోసిన్రా?" అని అడగడం, ఆమె పైట కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోవడం మామూలైంది. ఈ ఐదో ఏట శ్రీధర్ పెద్దమనుషులతో చెప్పించి, పండుగ పండుగకూ ఫోన్ చేసి, కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువగా బతిమాలితే మహేందర్ సరేనన్నాడు. "వస్త. ఇప్పుడు గిన తేడా వస్తె మల్ల మీ ఇంటి మొఖం సూడం," అని ఫోన్లోనే చెప్పేశాడు. సూడం అంటే అతనూ, సింధూజా, ఇద్దరూ.

అందుకని శనివారం సాయంత్రం వాళ్లు దిగీ దిగగానే, బావ కారు వాకిట్లో వదిలి, శక్కర్‌నగర్ స్నేహితుడి బండెక్కి బయటికి వెళ్లిన గంటలో, శ్రీధర్‌కు మర్యాద ముంచుకొచ్చింది. చెరుకు లారీల దుమ్ము పట్టిన కారును కడిగాడు. కడిగి ఊరుకుంటే ఏం పోయేది? బజారుకెళ్లి తెల్లటి పాలిష్ సీసా తెచ్చాడు. అతనిది బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. రాగి తీగ చుట్టడంలో అతనికి పేరుంది, కాదనం. కానీ కారు రంగు వేరు, చక్రాల చుట్టూ తలుపుల కిందా ఉండే గరుకు ప్లాస్టిక్ వేరు అని ఆయనకెవరు చెప్పాలి? అంతటికీ ఒకటే గుడ్డతో బరబరా రుద్దాడు. మునిమాపు వెలుగులో అంతా తళతళలాడింది. "సూడు ఎట్లున్నదో!" అని పెళ్లాన్ని పిలిచి మరీ చూపించాడు.

తెల్లారి చూస్తే నల్ల ప్లాస్టిక్ అంతా తెల్లగా పొలుసులు లేచి ఉంది. గజ్జి పట్టిన కుక్క వీపు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నీళ్లు కొడితే పోయినట్టే పోయి, ఆరగానే మళ్లీ తేలింది. అప్పుడు ఫోను, ఫోను తర్వాత చట్నీ.

"జరుగు," అంది జ్యోతిరాణి. కొంగు బిగించి, బకెట్ తెచ్చి కడగడం మొదలుపెట్టింది. చట్నీ నీళ్లకు పోయే రకమా? పైపైన పోయింది. గుంటల్లో దిగిన పల్లీ పిప్పి అక్కడే కూర్చుంది. తెల్ల మరకల మీద ఇప్పుడు పచ్చటి మరకలు. సందుల్లో గోళ్లు పెట్టి లాగితే మిరపతొక్కలు వచ్చాయి. గోటి కింద కారం మండింది. ఇంతలో గోడ పక్క నుంచి చీమలు బారు కట్టి, పెళ్లి భోజనానికి వచ్చినట్టు చక్రం ఎక్కసాగాయి. ఈగ ఒకటి ఆమె పెదవి మీద వాలింది. అప్పటిదాకా కారు మీది చట్నీ నాకిన ఈగే. జ్యోతిరాణి తుపుక్కున ఉమ్మేసి, మోచేత్తో మూతి తుడుచుకుంది.

"నీ మర్యాద పాడుగాను," అంది పళ్ల సందునుంచి. "ఎవడు జెయ్యమన్నడు నిన్ను? కారు కడిగితె బావకు ప్రేమ పుడ్తదా?"

శ్రీధర్ షెడ్డులోకి వెళ్లి థిన్నర్ సీసా పట్టుకొచ్చాడు. వార్నిష్ అంటిన చేతుల్ని తను రోజూ దాంతోనే కడుక్కుంటాడు. మూత తిప్పి గుడ్డ మీద ఒంపబోయాడు.

"తమ్మీ, థిన్నర్ పెట్టకు. ప్లాస్టిక్ సచ్చిపోతది."

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. గడప మీద సింధూజ నిలబడి ఉంది. తలస్నానం చేసి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంది. జ్యోతిరాణి, ఇక అయిపోయింది, ఇప్పుడీమె లోపలికి వెళ్లి చెబుతుంది, అతను పెట్టె సర్దుతాడు, వాడకట్టు వాడకట్టంతా తలుపుల్లో నిలబడి చూస్తుంది అనుకుంది. కానీ సింధూజ కారును చూడటం లేదు. వెనక్కి తిరిగి, మొగుడు పడుకున్న గది తలుపు వైపు చూస్తోంది. తలుపు మూసే ఉంది. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఊపిరి వదిలి మెట్లు దిగింది.

"ఎన్నింటికి పెట్టినవ్ పాలిష్?"

"నిన్న ఆరింటికి, అక్కా. నాకు తెల్వదే..."

"పెట్టి పన్నెండు గంటలే అయింది. పోతది. ఎండ ముదిరినంక మొండి చేస్తది, జల్ది గావాలె. జ్యోతీ, గోరువెచ్చటి నీళ్లు తే. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఇన్ని కలుపు. బట్టల సోడ మాత్రం వద్దు."

జ్యోతిరాణి నీళ్లు తెచ్చేసరికి సింధూజ తన హ్యాండ్‌బ్యాగు తెచ్చుకుని చక్రం ముందు కూర్చుని ఉంది. బ్యాగు జిప్పు లాగింది. దువ్వెన కోసమేమో అనుకుంది జ్యోతిరాణి. బ్యాగులోంచి ఒక పళ్ల బ్రష్షు వచ్చింది. కుచ్చు మెత్తబడేదాకా అరిగిన బ్రష్షు. తర్వాత మూడు తెల్ల రబ్బర్లు, బడిపిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునేవి. తర్వాత చిన్న సీసాలో స్పిరిట్. మడతపెట్టిన పాత బనీను గుడ్డలు నాలుగు. ఇంకో చిన్న డబ్బాలో ప్లాస్టిక్‌కు పూసే నల్లటి నూనె. పౌడరు డబ్బా లేదు, బొట్టుబిళ్లలు లేవు, ఒక చాక్లెట్టు కాగితం కూడా లేదు.

"గివన్ని నీ బ్యాగుల ఎందుకున్నయి వదినా?"

సింధూజ బ్రష్షును సబ్బునీళ్లలో ముంచి పని మొదలుపెట్టింది. జ్యోతిరాణి ఆ చేతినే చూసింది. గబగబా రుద్దడం లేదు. ప్లాస్టిక్ మీది గరుకు గీతలు ఎటు పోతున్నాయో వేలితో తడిమి చూసుకుని, ముందు ఆ వాలున, తర్వాత అడ్డంగా, జానెడు జానెడు మేర తోమి, నురగ ఆరకముందే గుడ్డతో ఎత్తేస్తోంది. గుడ్డ ప్రతిసారీ కొత్త మడతకు తిప్పుతోంది. పల్లీ పిప్పి ఊడి వచ్చింది. మరక సగం పోయింది. మిగిలిన చోట రబ్బరు పెట్టి చిన్న చిన్నగా చెరిపింది. తెల్ల పొడి రాలింది, కింద నల్లటి ప్లాస్టిక్ తేలింది.

"రంగు రబ్బరు పనికిరాదు, దాని రంగు గిక్కడ అంటుతది," అంది చేయి ఆపకుండా. "గప్పటికి పోకుంటె స్పిరిట్. గుడ్డకు పెట్టాలె, ప్లాస్టిక్ మీద డైరెక్టు పొయ్యొద్దు. ముందుగాల కింద ఎవ్వలికి కనవడని జాగల పెట్టి సూడాలె. పల్లీల ముచ్చట నిజమే, ఉత్త పల్లీలు మెత్తగ నూరితె కొంచెం పట్టి లాగుతది. ఉప్పు కారం ఏసినంక ఏం లాగుతది తమ్మీ?"

శ్రీధర్ నవ్వబోయాడు. జ్యోతిరాణి చూపు చూసి మానేశాడు. "పో, మీ అవ్వ పీటలు అడుగుతున్నది," అని అతన్ని లోపలికి తోలేసి, తను ఇంకో గుడ్డ అందుకుని ఆడబిడ్డ పక్కన కూర్చుంది.

"నీకెవరు నేర్పిన్రు ఇదంత?"

"ఎవ్వలు నేర్పుతరు? పాత కారప్పుడు నాకు తెల్వక కొబ్బరినూనె పెట్టిన. మెరుస్తది గదా అని. దుమ్మంత వచ్చి అంటుకున్నది." సింధూజ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. కూర ఎలా వండాలో చెబుతున్నట్టే చెప్పింది. "ఆయన ఏమనలే. కొట్టలే తిట్టలే. నెలరోజులు నా చేతి అన్నం తినలే. నీ చేతులు గలీజు అన్నడు. దుకాణంల పనిజేసేటోనితోని హోటల్ టిఫిన్ తెప్పించుకొని, నా ముంగటనే కూసోని తినెటోడు. అప్పట్నుంచి కారు పని నాదే. డ్రైవరును, కడిగేటోన్ని నమ్మడు. పొద్దుగాల ఆయన వేలు పెట్టి గీకి సూస్తడు. వేలు సాఫ్‌గ ఉంటె నాష్టా చేస్తడు."

"థూ!" అంది జ్యోతిరాణి. అనకుండా ఉండలేకపోయింది.

"మొన్న రేషన్ దుకాణంల నా వేలిముద్ర పడలే. డీలరు పది వేళ్లు పెట్టిచ్చిండు, ఒక్కటి పడలే. స్పిరిట్‌తోని అరిగిపోయినయట." సింధూజ కుడి అరచేయి తిప్పి చూపించింది. వేళ్ల కొసలు నున్నగా, తెల్లగా, ఉడకబెట్టిన గుడ్డులా ఉన్నాయి. గోళ్ల చుట్టూ చర్మం లేచి ఎర్రగా పచ్చిపుండ్లు పడ్డాయి. చట్నీ కారం ఆ పుండ్లలోకి దిగి ఉంటుంది. అయినా ఆమె ఒక్కసారి కూడా "ఇస్స్" అనలేదు.

జ్యోతిరాణికి మళ్లీ రోత పుట్టింది. ఈసారి అది చట్నీ వల్ల కాదు, ఈగల వల్ల కాదు. లోపల గదిలో చల్లగా ఫ్యాను కింద పడుకుని, ఇంట్లోవాళ్ల తెల్ల దుప్పటి మీద తను తెచ్చుకున్న దుప్పటి పరుచుకుని నిద్రపోతున్న ఆ మనిషి వల్ల.

"ఐదేండ్ల కింద ఎందుకు లేచిపోయిండు వదినా? అత్త మాటకేనా?"

"మాట కాదు, ఏం కాదు." సింధూజ కొంచెం నవ్వినట్టయింది. "కోడి. పక్కింటోళ్ల కోడి బానెట్ ఎక్కి రెట్ట ఏసింది. ఇంటికి పొయ్యి ఐదుసార్లు కడిగిచ్చిండు నాతోని. మీ వోళ్లది కొట్టం, మనుషులుండే ఇల్లు గాదు అన్నడు. మల్ల తోలియ్యలే."

కోడి రెట్ట! ఐదేళ్లు! హన్మవ్వ తన నోటినే తిట్టుకుంటూ, అల్లుడు ఫోనెత్తితే చాలు "బిడ్డా, తప్పయింది" అని ఏడ్చిన ఏడుపంతా ఒక కోడి రెట్టకు. జ్యోతిరాణికి అరవాలనిపించింది. నోట్లో అంతా చేదు. ఆ చేదుతోనే ఆ కారును తోమింది. తోమకపోతే సింధూజకు నెలరోజుల హోటల్ టిఫిన్ చూపులు. అందుకని తోమింది.

పది గంటలకు మహేందర్ లేచి బయటికొచ్చేసరికి ప్లాస్టిక్ నల్లగా, ఒకే తీరుగా ఉంది. అతను కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వంగి, వేలు పెట్టి గీకి, వేలు చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. శ్రీధర్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఆ వేలి వైపే చూస్తున్నాడు. అతని మొహంలో ఆ వేడుకోలు చూసి జ్యోతిరాణి తల తిప్పేసుకుంది.

ఇడ్లీలు ఉత్త కారప్పొడితో తిన్నారు. చట్నీ ఏమైందని ఎవరూ అడగలేదు.

పదకొండింటికి ఒడి బియ్యం పోశారు. తూర్పు మొహంగా రెండు పీటలు వేశారు. మహేందర్ పీట మీద జేబురుమాలు పరిచి కూర్చున్నాడు. హన్మవ్వ దోసిళ్లతో బిడ్డ ఒడిలో పసుపు బియ్యం పోసింది. పోస్తూ పోస్తూ ఏడ్చింది. తర్వాత జ్యోతిరాణి పోసింది. పక్కిళ్ల ముత్తైదువలు పోశారు. సింధూజ కొత్త చీర కొంగు బరువుతో కిందికి లాగుతోంది. ఆ బరువును ఆమె రెండు చేతులతో పొట్టకు అదుముకుని పట్టుకుంది. కొంగు ముడి వేశారు. ఇక ఆ ముడి అత్తింటి దేవుడి ముందే విప్పాలి. దారిలో ఎక్కడా దించకూడదు. మహేందర్ వేలికి కాస్త పసుపు అంటితే సబ్బు అడిగి రెండుసార్లు కడుక్కున్నాడు.

పన్నెండున్నరకు బయల్దేరారు. అందరూ కారు దాకా వచ్చారు. సింధూజ ముందు తలుపు దగ్గరికి వెళ్లింది. మహేందర్ "ఆగు" అని, డిక్కీ తెరిచి, ఖాళీ సిమెంటు సంచి ఒకటి తీశాడు. దులిపి ఆమె ముందుకు చాపాడు.

"గా బియ్యం గిండ్ల పొయ్యి. డిక్కీల పెడ్దాం. సీటుకు పసుపంటుతె పోదు."

పక్కింటి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హన్మవ్వకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక "అయ్యో అల్లుడా, ఒడిలున్నయి, దారిల ఇప్పొద్దు నాయనా, ఇంటికి పొయ్యి..." అంటూ గొణిగింది. మహేందర్ సంచి ఇంకొంచెం దగ్గరగా చాపాడు. సంచిలో సిమెంటు బూడిద ఇంకా అంటుకుని ఉంది.

"అవ్వా, బావ జెప్పింది కరక్టే," అన్నాడు శ్రీధర్ తొందరగా. "ఏడున్న బియ్యం బియ్యమే గద. అక్కా, పొయ్యి. నేను పట్టుకుంట సంచి."

అతను నిజంగానే వెళ్లి సంచి మూతి పట్టుకుని వంగాడు. జ్యోతిరాణి చూసింది. పొద్దున చట్నీ పూసిన చేతులే అవి. పొద్దున ఆ చేతుల్ని చూస్తే ఒళ్లు మండింది. ఇప్పుడు రోత వేసింది. అక్క రాకపోకలు నిలవాలని, పుట్టింటి పేరు నిలవాలని, ఈ మనిషి అక్క ఒడిని సిమెంటు సంచిలో గుమ్మరించడానికి వంగి నిలబడ్డాడు. మరి తను? తను పొద్దున్నుంచి ఏం చేసింది? వేలు పెట్టి వాసన చూసేవాడి కోసం చట్నీ తోమింది. ఛీ, ఎవరిని చూసి ఎవరు ఉమ్మాలి?

సింధూజ వేళ్లు ముడి మీదికి వెళ్లాయి. అరిగిపోయిన వేళ్లకు ముడి పట్టు దొరకడం లేదు. జారుతోంది. మళ్లీ పట్టుకుంది.

జ్యోతిరాణి వెళ్లి ఆ చేతి మీద చెయ్యి వేసింది.

"ఇప్పకు వదినా."

"జ్యోతీ!" అన్నాడు శ్రీధర్ వంగినచోటి నుంచే. "నీకు దండం బెడ్త, లోపలికి పో."

"పోను. అన్నా, పొద్దుగాల నీ కారుకు పాలిష్ మరకలైతె దాని మీద పల్లి చట్నీ పూసినం మేము. వెల్లుల్లి పోపు పెట్టిన చట్నీ. ఈగలు ముసిరినయి, చీమలు వట్టినయి. నీ భార్యనే గోళ్లతోని గీకి తీసింది. నువ్వు వాసన గూడ సూసినవ్, నీకు తెల్వలే. పసుపు గూడ గట్లనే పోతది. సీటు పాడుగాదు. కావాల్నంటె సీటు నేను కడుగుత."

పక్కింటి ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. మహేందర్ మొహం ముడుచుకుంది. అతను జ్యోతిరాణిని చూడలేదు. తన కుడి చూపుడువేలును చూసుకున్నాడు, ప్యాంటుకు తుడుచుకున్నాడు. సంచిని కింద పడేశాడు.

"గలీజు మనుషులు," అన్నాడు. తర్వాత పెళ్లాంతో, "సంచిల పోస్తె కారెక్కు. లేకుంటె బస్సుల రా. మల్ల ఈ ఇంటికి మనకు సంబంధం లేదు, గది ఇప్పుడే చెప్తున్న."

అదీ, అతని ఉద్దేశంలో, ఆఖరి మాట. బస్సు అన్నాక ఆమె సంచి అందుకుంటుందని అతనికి గట్టి నమ్మకం. తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చుని ఏసీ కూడా వేసుకున్నాడు.

సింధూజ తన ఒడి వైపు చూసుకుంది. కారు వైపు చూసింది. "సరే, బస్సుల వస్త," అంది. అంత మెల్లగా అంది కాబట్టి ముందు ఎవరికీ వినబడలేదు. రెండు చేతులతో ఒడి పట్టుకుని వీధి చివరికి నడవడం మొదలుపెట్టాక అందరికీ తెలిసింది.

"బావా, ఒక్క నిమిషం, బావా!" అంటూ శ్రీధర్ కారు అద్దం మీద తట్టాడు. అద్దం మీద అతని వేళ్ల మరకలు పడ్డాయి. భయపడి మోచేత్తో తుడిచాడు. కారు కదిలి, దుమ్ము లేపి వెళ్లిపోయింది. హన్మవ్వే ముందు తేరుకుంది. సింధూజ హ్యాండ్‌బ్యాగును, జ్యోతిరాణి చేతి పర్సును లోపల్నుంచి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వు తోడు పో బిడ్డా. బస్సెక్కిచ్చి రా. చేతులు ఖాళీ లెవ్వు దానికి."

బోధన్ బస్టాండులో నిజామాబాద్ బస్సు కిక్కిరిసి ఉంది. పట్టుచీరలో పసుపు ఒడి అదుముకుని మెట్లెక్కిన సింధూజను చూసి ముందు సీట్లో ముసలామె చటుక్కున లేచింది. కోటగిరి సంతకు వచ్చిన మరాఠీ మనిషి, ముక్కుకు పెద్ద నత్తు, తెలుగు సరిగా రాదు. అయినా ఒడి బియ్యం ఆమెకూ తెలుసు. "బస్, బస్, లేకీ," అని, కూర్చో బిడ్డా అన్నట్టు సింధూజను భుజాలు పట్టి కూర్చోబెట్టి, పక్కావిడను కూడా జరిపించి జ్యోతిరాణికి చోటు చేసింది. ఒడిలోంచి నాలుగు గింజలు రాలితే ఆ ముసలామే ఏరి, కళ్లకద్దుకుని, మళ్లీ కొంగులో వేసింది. సింధూజ కింద సీటు రెక్సిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చి ఉంది. దాని మీద నలుగురు తిన్న పల్లికాయల పొట్టు ఉంది. సింధూజ దానివంక చూడను కూడా చూడలేదు. వీపు వెనక్కి వాల్చి కూర్చుంది.

బస్సెక్కించి దిగిపోదామనుకున్న జ్యోతిరాణి దిగలేదు. చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. బస్సు కదిలింది. చెరుకు ట్రాక్టర్లను తప్పించుకుంటూ ఊరు దాటింది.

"వదినా, ఐదేండ్లు మేము ఎంత పరేశానైనమో నీకు తెల్వది. ఏం తప్పు జేసినమో అని అత్త అన్నం గూడ సరిగ తినలే. అన్న ఎప్పుడు తోలిస్తడా, ఎప్పుడు వస్తవా అని తొవ్వ జూసుడే..."

"నేను గూడ సూసిన జ్యోతీ," అంది సింధూజ. కిటికీ బయటికి చూస్తూనే అంది. "మా ఇంటి ముంగట్నే బస్సు ఆగుతది. బోధన్ బస్సులు పొద్దుగాల్నుంచి పొద్దుమీకె దాక పోతనే ఉంటయి. కారు తుడుసుకుంట సూసేదాన్ని. దిగేటోళ్లల్ల తమ్ముడు ఉంటడేమో, నువ్వుంటవేమో అని. రోజు సూసిన."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అంటే బాగుండేది.

పిలవని పేరంటానికి మనమెట్లా పోతం, ఆయన పిలిస్తే పోదాం అని మొదట అన్నది శ్రీధర్ కాదు, హన్మవ్వ కాదు. జ్యోతిరాణే. మొదటి రాఖీ పున్నమకు శ్రీధర్ చొక్కా తొడుక్కుని గడపలో నిలబడితే, "మనకు ఇజ్జత్ లేదా?" అని అన్నది ఆమే. శ్రీధర్ చొక్కా విప్పేశాడు. ఆ తర్వాత వచ్చిన రాఖీలకు ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. పొద్దున్నుంచి కారు మీద, చట్నీ మీద, మొగుడి మీద, ఆ మహేందర్ మీద ఎన్నిసార్లు ఛీ అందో లెక్కలేదు. ఇప్పుడు అదే ఛీ తన నోట్లోనే తిరిగింది, ఉమ్మడానికి వీల్లేకుండా.

కండక్టరమ్మ మనుషుల్ని తోసుకుంటూ వచ్చింది. సింధూజకు చేతులు ఖాళీ లేవు. జ్యోతిరాణి ఆమె బ్యాగు తెరిచి, బ్రష్షు పక్కకు నెట్టి, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టుకని ఆధార్ కార్డు తీసి చూపించింది.

"నువ్వేడ దిగుతవమ్మా? ఎడపల్లా?"

జ్యోతిరాణి పర్సులోంచి తన కార్డు కూడా తీసింది.

"నిజామాబాద్. మా వదినోళ్ల ఇంటికి," అంది.